ఒక దేహమున రెండు అరుదైన వ్యాధులు

మనుష్యదేహమందలి అవయవములలో కొన్నింటికి అనాదినుండియు గౌరవము దక్కినది. హృదయమును కవులు కొనియాడిరి, కాలేయమును వైద్యులు శ్లాఘించిరి, మెదడును గురించి తత్త్వవేత్తలు గ్రంథములు నింపిరి. రొమ్ముటెముకకు వెనుకగా, గుండెకును దానినుండి వెడలు మహారక్తనాళములకును ముందుగా, మెత్తగా ఒదిగియుండు థైమస్ గ్రంథికి మాత్రము ఇరువదవ శతాబ్దము సగము గడచునంతవరకు అట్టి భాగ్యము కలుగలేదు. శిశువు పుట్టునప్పటికే అది సుమారు 15 గ్రాముల తూకము గలిగి, యౌవనోదయమువరకు పెరిగి, ఆపైని ఏటేట కృశించుచు, నడివయస్సు దాటునప్పటికి చాలవరకు క్రొవ్వుగా మారిపోవును. పెద్దవారి శవములను కోసి శరీరశాస్త్రము నేర్చిన వైద్యులకు అది కంటబడుటయే అరుదు. కంటబడినను, శైశవమున ఏదో పనికివచ్చి పిమ్మట వ్యర్థమైన అవశేషముగా దానిని తలచి, పాఠ్యగ్రంథములలో నాలుగు పంక్తులతో సరిపుచ్చిరి.

అంతటితో సరిపుచ్చినను బాగుండెడిది. దానిపై హత్యానేరము మోపినవారును కలరు. హఠాత్తుగా మరణించిన పసిపిల్లల దేహములలో ఈ గ్రంథి పెద్దదిగా నుండుటయు, దీర్ఘరోగముతో క్షీణించి ధర్మాసుపత్రులలో మరణించిన బీదపిల్లల దేహములలో చిన్నదిగా నుండుటయు చూచి, చిన్నదే సహజమనియు, పెద్దదైనచో శ్వాసనాళమును నొక్కి ప్రాణము తీయుననియు ఆనాటి పండితులు నిశ్చయించిరి. నిజమునకు ఆకలివలనను రోగమువలనను ఆ బీదపిల్లల గ్రంథి కుదించుకొనిపోయెనే కాని, ఆరోగ్యముగల శిశువునందు అది పెద్దదిగనే యుండును. ఈ విపరీతానుమానమునకు ఫలితముగా అమెరికాలో 1907 మొదలుకొని కొన్ని దశాబ్దములపాటు, ఏ రోగమును లేని పసికందుల రొమ్ములపై ఎక్స్‌రే కిరణములను ప్రసరింపజేసి గ్రంథిని కుదింపజేయుట ఒక చికిత్సగా చెలామణి అయ్యెను. అట్టి పిల్లలలో కొందరికి పిమ్మట మెడలోని థైరాయిడ్ గ్రంథికి కాన్సరు సోకుచున్నదన్న సంగతి 1950లో గాని బయటపడలేదు. పని తెలియని అవయవమును పనికిమాలినదని తీర్మానించుటవలన ఇంత కీడు జరిగిన సందర్భములు వైద్యచరిత్రలో అరుదు.

ఈ గ్రంథి విషయమున శాస్త్రజ్ఞుల కన్ను తెరపించినది, మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో మాటిమాటికి న్యుమోనియాతో బాధపడుచు చేరిన, ఏబదియేండ్లు దాటిన యొక రోగి. అతని కథ తెలియవలెనన్న, ఆ కాలమునాటి పరిస్థితి కొంత చెప్పవలసియున్నది. రక్తరసమందలి మాంసకృత్తులను విద్యుత్ప్రవాహముచే విడదీసి చూచు ఎలెక్ట్రోఫోరెసిస్ అను పద్ధతి అప్పుడప్పుడే ఆసుపత్రులలో ప్రవేశించుచుండెను. ఆ పరీక్షవలన వచ్చు చిత్రములో మొదట ఆల్బుమినునకు సంబంధించిన ఎత్తయిన శిఖరమొకటియు, నడుమ ఆల్ఫా, బీటా అను చిన్న మిట్టలును, కడపట గామా అను వెడల్పైన మిట్టయు కనబడును; సూక్ష్మజీవుల నెదిరించు ప్రతిరక్షకములలో అధికభాగ ముండునది ఆ కడపటి మిట్టలోనే. 1952లో వాషింగ్టను నగరమందలి వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో పనిచేయుచుండిన ఆగ్డెన్ బ్రూటన్ అను పిల్లల వైద్యుడు, నాలుగేండ్లలో 19 మారులు రక్తమున సూక్ష్మజీవులు ప్రవేశించి చావుదప్పి బ్రదికిన ఎనిమిదేండ్ల బాలునికి ఈ పరీక్ష చేయింపగా, గామా మిట్ట యుండవలసిన చోట చదునైన గీత తప్ప మరేమియు కానరాలేదు. ఇతరుల రక్తమునుండి తీసిన గామా గ్లోబులినును నెలకొకసారి సూదిమందుగా నీయగా ఆ బాలుడు కోలుకొనెను. రోగనిరోధకశక్తి లోపించుట యనునదియే ఒక వ్యాధి కావచ్చునని వైద్యలోకము స్పష్టముగా గ్రహించినది అప్పుడే.

మిన్నెసోటాలోని రోగిని చూచిన వైద్యుడు రాబర్ట్ గుడ్. ముప్పదియేండ్లు దాటిన యువకుడు. విద్యార్థిదశలో పోలియోవంటి జబ్బు సోకి, జీవితాంతము కొంచెము కుంటుచు నడచినవాడు. ఆయన చూచిన రోగి రక్తములోను గామా గ్లోబులిను దాదాపు శూన్యము. కాని బ్రూటన్ చూచిన బాలునిది పుట్టుకతో వచ్చిన లోపము కాగా, ఇతనిది పెద్దవయస్సున సంక్రమించినది. అంతేకాక, ఇతని రొమ్ముటెముక వెనుక థైమస్ గ్రంథినుండి పుట్టిన పెద్ద గడ్డ యొకటి ఉండెను. థైమోమా అను ఈ గడ్డ ఏటికి పదిలక్షల మందిలో ఒకరిద్దరికి గాని రాదు. పెద్దవయస్సున ప్రతిరక్షకములు అడుగంటుటయు అట్లే అరుదు. ఇంత అరుదైన రెండు వ్యాధులు ఒకే దేహమున కాకతాళీయముగా కలిసినవని సరిపెట్టుకొనుటకు గుడ్ మనస్సు ఒప్పుకొనలేదు. ఎవరును లెక్కచేయని ఈ గ్రంథికిని, దేహరక్షణకును ఏదో సంబంధ ముండితీరవలెనని ఆయన ఊహించి, ఆ రోగి విషయమును 1954లో వెల్లడించెను. ప్రౌఢవయస్సున థైమోమాతో కూడి వచ్చు ఈ నిరోధకశక్తిలోపమును నేటికిని ఆయన పేరిట గుడ్ సిండ్రోమ్ అని పిలుచుచున్నారు.

ఊహ గొప్పదైనను, పరీక్షకు నిలువవలెను గదా. గుడ్ బృందమువారు కుందేళ్ళ థైమస్ గ్రంథులను తీసివేసి, వాటి ప్రతిరక్షకములు తగ్గునేమోయని కనిపెట్టియుండిరి. ఏమియు తగ్గలేదు. ఆ కుందేళ్ళు కొన్ని వారముల వయస్సు గలవగుటచే, గ్రంథి చేయవలసిన పని అప్పటికే చాలవరకు ముగిసియుండెనను సంగతి ఆనాడు వారికి తోచలేదు. ఆ రహస్యము 1961లో లండనునందు ఝాక్ మిల్లర్ అను యువశాస్త్రజ్ఞునివలన వెలువడినది. అదియు ఆయన వెదకినది కాదు. ఎలుకలలో రక్తకాన్సరు కలిగించు వైరసును పరిశోధించుచు, గుర్రపుసాలను బాగుచేసి యేర్పరచిన ప్రయోగశాలలో, పుట్టిన కొద్ది గంటలకే ఎలుకపిల్లల గ్రంథిని ఆయన తీసివేయుచుండెను. చీమతలయంత గ్రంథిని, బొటనవ్రేలి గోరుకంటె కొంచెము పెద్దదైన ప్రాణి రొమ్ములోనుండి బయటికి లాగుట ఎంతటి నేర్పుతో కూడిన పనియో పాఠకులు ఊహింపవచ్చును. ఆ పిల్లలు కొన్ని వారములలో చిక్కి శల్యమై, సాధారణ సూక్ష్మజీవులకు లోబడి చచ్చిపోవుచుండెను. ఇతర జాతుల ఎలుకల చర్మమును వాటికి అతికినను వాటి దేహము దానిని త్రోసివేయలేదు. అదే సమయమున గుడ్ బృందమువారును నవజాత కుందేళ్ళతో అదే నిర్ణయమునకు వచ్చిరి. నోబెల్ బహుమానము పొందిన పీటర్ మెడవార్ వంటి మహాపండితుడు సైతము, థైమసునందలి కణములకు అంత ప్రాముఖ్య మీయనక్కరలేదని మిల్లర్ ప్రకటన వెలువడిన పిదప గూడ పలికియుండుట చూడగా, పాత దురభిప్రాయము ఎంత లోతుగా పాతుకొనియుండెనో తెలియుచున్నది.

దీనికి తోడు కోడిపిల్లల కథ యొకటి కలదు. పక్షుల మలద్వారము దగ్గర బర్సా అను చిన్న సంచి యుండును. 1950 దశకమున ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములో బ్రూస్ గ్లిక్ అను విద్యార్థి ఆ సంచి పని యేమో తెలిసికొన దానిని కోసివేసి కోళ్ళను పెంచుచుండగా, టిమోతీ చాంగ్ అను మిత్రుడు తన తరగతిలో ప్రతిరక్షకముల పుట్టుకను చూపుటకు కొన్ని కోళ్ళు కావలెనని అడిగి, ఆ కోళ్ళనే తీసికొనిపోయెను. సాల్మొనెల్లా క్రిములను ఎక్కించినను వాటిలో ప్రతిరక్షకములు పుట్టలేదు. పాఠము చెడినది గాని శాస్త్రమునకు మేలు జరిగినది. ఈ విషయమును ఒక ప్రసిద్ధ విజ్ఞానపత్రిక త్రోసిపుచ్చగా, 1956లో కోళ్ళపెంపకపు పత్రికలో ప్రకటించుకొనవలసి వచ్చెను! పిమ్మట గుడ్ దగ్గరనే పనిచేసిన మాక్స్ కూపర్, 1965లో ఈ రెండు త్రోవలను కలిపి చూచి, నిరోధకశక్తికి రెండు వేర్వేరు సేనలు కలవని స్థిరపరచెను. బర్సానుండి వచ్చు కణములు బి కణములు. మనుష్యులకు బర్సా లేకుండుటచే మనలో అవి ఎముకల మూలుగలో పుట్టి ప్రతిరక్షకములను తయారుచేయు కణములుగా పరిణమించును. థైమసునందు తయారగునవి టి కణములు. అవి సూక్ష్మజీవులు దాగిన కణములను చంపును, బి కణములకు తోడ్పడును, సేన మొత్తమును అదుపులో నుంచును. కూపర్, మిల్లర్ ఇరువురును ఈ పనికై 2019లో లాస్కర్ బహుమానమును అందుకొనిరి.

థైమస్ గ్రంథిని కఠినమైన గురుకులముతో పోల్చవచ్చును. మూలుగనుండి వచ్చిన పసికణము లన్నియు అందు చేరి రెండు పరీక్షల కాగవలెను. స్వదేహపు గుర్తులను చదువజాలని కణము మొదటి పరీక్షలో తప్పి నశించును. స్వదేహముమీదనే కత్తి దూయు కణమును రెండవ పరీక్షలో గురువే తొలగించును. నూటికి అయిదింటికి మించి బయటపడవు. దేహమందలి నానావయవముల మాంసకృత్తులను ఈ కణములకు పరిచయము చేయుటకై గ్రంథి కణములలో ఏయిర్ అను జన్యువు పనిచేయుచుండును. గడ్డ పుట్టినప్పుడు ఈ కట్టుబాటు సడలును. థైమోమా కణములు టి కణములను పుట్టించుట మానవు. కాని పెక్కు గడ్డలలో ఏయిర్ జన్యువు మూగవోయి, పరీక్ష సరిగా జరుగక, తనవారిని పరులను ఎరుగని కణములు బయటికి వచ్చును. అందుచేతనే థైమోమా గలవారిలో నూటికి 30 నుండి 45 మందికి, కండరములకు నరముల ఆజ్ఞ చేరక రెప్పలు వాలిపోయి, మ్రింగుటయు నమలుటయు కష్టమగు మయస్థీనియా గ్రేవిస్ వచ్చుచున్నది. కొందరికి మూలుగలో ఎర్రకణములు పుట్టుట నిలిచిపోయి తీవ్రమైన రక్తహీనత కలుగుచున్నది. ప్రతిరక్షకములు అడుగంటు గుడ్ సిండ్రోమ్ పాశ్చాత్యదేశముల లెక్కలలో థైమోమా గలవారిలో నూటికి 6 నుండి 11 మందిలో కానవచ్చినది.

ఇక రోగము ఎట్లు బయటపడునో చూతము. వ్యాధి నలుబది, డెబ్బది ఏండ్ల నడుమ, స్త్రీపురుషులకు సమానముగా వచ్చును. అంతవరకు జలుబు తప్ప జబ్బెరుగని మనిషికి ఒక యేడు శీతకాలమున న్యుమోనియా వచ్చును, తగ్గును, మరల వచ్చును. ముక్కుప్రక్క ఎముకల గదులలో చీము చేరి తలనొప్పి మానదు. ఉదయము లేవగనే దోసెడు కఫము పడును. ఏండ్లు గడచినకొలది ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు శాశ్వతముగా వెడల్పై, చీము నిలువయుండు బ్రాంకియెక్టాసిస్ అను స్థితికి దిగజారును. వీటికి కారణము న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా మున్నగు బాక్టీరియాలు. పైన కవచముగల ఇట్టివానిని పట్టి చంపుటకు ప్రతిరక్షకముల తోడు తప్పనిసరి. అటుతరువాత విరేచనములు పట్టుకొనును. నెలలతరబడి నీళ్ళవిరేచనములై మనిషి సగమగుటయు, పరీక్షించిన కొన్నిసార్లు జియార్డియా అను పరాన్నజీవి కానవచ్చుటయు, కొన్నిసార్లు ఏ క్రిమియు దొరకకుండుటయు కలదు.

ఇంతవరకు చెప్పినవన్నియు ప్రతిరక్షకములు లేని ఏ రోగికైనను రాగలవు. గుడ్ సిండ్రోమ్ ప్రత్యేకత యేమనగా, టి కణములు గూడ చెడుటచేత, ఎయిడ్స్ రోగులకు వచ్చు జబ్బులును దీనిలో కనబడును. నాలుకపైని, గొంతులోని తెల్లని బూజుపూత ఎన్ని మందులు రాచినను మరలమరల వచ్చును. మన పల్లెలలో కుమ్మరిచేత జేగురుతో వ్రాయించుకొను అక్కి, సామాన్యముగా జన్మమునకొకసారి వచ్చి పోవునది, వీరికి మాటిమాటికి వచ్చును. ఒక్కచోట నిలువక ఒడలెల్ల ప్రాకవచ్చును. సైటోమెగలో అను వైరసు, మనలో అధికసంఖ్యాకుల దేహములలో బాల్యమునుండియు నిద్రించుచునే యుండునది, వీరిలో మేల్కొని కంటి తెరను తినివేయుటయు, పెద్దప్రేగును పుండు చేయుటయు కలదు. ఎయిడ్స్ పరీక్ష చేసిన లేదని వచ్చును, చక్కెరవ్యాధి లేదు, కాన్సరు మందులు పుచ్చుకొన్నవారు కారు, మరి ఈ జబ్బులేల యని వైద్యుడు ఆలోచింపవలసిన ఘట్ట మిదియే.

ఇట్టి రోగులలో బి కణములు దాదాపు శూన్యము. మూలుగలోనే వాటి పుట్టుక తొలిమెట్టున ఆగిపోవును. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎమ్ అను మూడు తరగతుల ప్రతిరక్షకములును తగ్గును. ఎందుచేత? డెబ్బదియేండ్లు గడచినను దీనికి నిశ్చయమైన సమాధానము లేదు. రొమ్ములోని గడ్డ, ఎక్కడనో ఎముకల లోపల జరుగు కణసృష్టిని ఏ రీతిని ఆపుచున్నది? గడ్డనుండి వెడలిన తప్పుడు టి కణములు మూలుగలోని బి కణబీజములను నశింపజేయుచున్నవని కొందరును, మూలుగలోనే లోపము పుట్టి గడ్డకును దీనికిని అదియే కారణమైనదని కొందరును అందురు. గుడ్ ఊహించిన సంబంధము సత్యమైనది. దానిని పట్టుకొని నిరోధకశక్తిశాస్త్రము మహావృక్షమైనది. ఊహకు మూలమైన వ్యాధి మాత్రము ఇంకను చీకటిలోనే యున్నది.

కొంత వెలుగు మరియొక దిక్కునుండి వచ్చినది. థైమోమా గలవారి రక్తములో, తమ దేహమే సృజించుకొను రక్షకద్రవ్యములకు ఎదురుగా పనిచేయు ప్రతిరక్షకములు కలవని తేలినది. వైరసులను ఆపు ఇంటర్ఫెరాన్లను కొన్ని బంధించును. బూజును అణచు ఇంటర్‌ల్యూకిన్ 17ను, 22ను మరికొన్ని బంధించును. నాలుకపై బూజు ఎందుకు వీడదో దీనివలన తెలిసినది. రోగి పోరుటకు కావలసిన ఆయుధములు తయారగుచున్నవి, దారిలోనే అవి స్వజనులచే హరింపబడుచున్నవి. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు, ప్రాణాపాయస్థితికి చేరిన రోగులలో నూటికి సుమారు పదిమందికి ఇంటర్ఫెరాన్లకు ఎదురుగా ఇట్టి ప్రతిరక్షకములే యున్నవని తెలియగా, అంతకుముందు థైమోమా నిపుణులకు తప్ప ఎవరికిని పట్టని విషయము లోకమంతట చర్చకు వచ్చెను. థాయిలాండు, తైవాను దేశములలో థైమోమా లేకయే, ఇంటర్ఫెరాన్ గామాకు విరోధముగా పుట్టిన ప్రతిరక్షకములచేత పెద్దవారికి ఎయిడ్స్ వంటి స్థితి కలుగుచున్నదని 2012లో వెలువడిన పరిశోధనయు ఈ త్రోవలోనిదే. అది వేరొక వ్యాధి.

గుర్తించుట యెట్లు? మన దేశమున దగ్గు, జ్వరము, బరువు తగ్గుట అనగానే క్షయ జ్ఞప్తికి వచ్చుట సహజము, రావలెను గూడ. కాని గళ్ళ పరీక్షలో క్షయ క్రిములు కానరాకున్నను ఆరునెలల మందు ఒకసారి, అది ముగిసిన పిమ్మట మరియొకసారి నడచిన రోగులు వైద్యుల కెరుకే. ఈ వ్యాధిని పట్టుటకు మొదట కావలసినది పెద్ద యంత్రము కాదు. మన పట్టణములలో ప్రతి ప్రయోగశాలయు చేయు లివర్ ఫంక్షన్ టెస్టు కాగితమున మొత్తము ప్రొటీను, ఆల్బుమిను అను పంక్తుల క్రింద గ్లోబులిను అను పంక్తి యొకటి యుండును. బిలిరుబినును చూచి కాగితము మడుచువారే గాని ఆ పంక్తిని చదువువారు అరుదు. ఆల్బుమిను సరిగానే యుండి గ్లోబులిను డెసిలీటరునకు 2 గ్రాములకంటె తక్కువగా నున్నచో, ప్రతిరక్షకములను కొలువవలెనని అది చెప్పుచున్నది. అప్పుడు ఐజీజీ, ఐజీఏ, ఐజీఎమ్‌ల పరీక్షయు, బి, టి కణముల లెక్కయు చేయింపవలెను. పెద్దవారిలో ఐజీజీ సామాన్యముగా డెసిలీటరునకు 700 మిల్లీగ్రాములకు పైబడియుండును. ఈ రోగులలో కొందరికి నూరు, నూటయేబది మాత్రమే యుండుట కలదు. పిమ్మట రొమ్మునకు సిటీ స్కాను తీయవలెను. సాధారణ ఎక్స్‌రేలో చిన్న గడ్డ గుండెనీడలో మరుగుపడిపోవును గనుక, ఎక్స్‌రే బాగున్నదని ఊరకుండరాదు.

మయస్థీనియా గలవారి విషయమున మరియొక చిక్కు కలదు. వారికి స్టెరాయిడ్లు, నిరోధకశక్తిని అణచు ఇతర మందులు ఇచ్చుచుందురు. ఆపైని జబ్బులు వచ్చినప్పుడు అంతయు మందుల ప్రభావమే యని తలచుట సులభము. మందులు మొదలిడకముందే ఒకసారి ప్రతిరక్షకములను కొలిచి యుంచినచో ఈ సందేహమునకు తావుండదు. థైమోమా కనబడిన ప్రతి రోగికిని ఈ పరీక్ష చేయవలెనని నిపుణులు చెప్పుచున్నను, ఆచరణలో ఎందరు చేయుచున్నారో సందేహమే.

చికిత్సలో మొదటిది గడ్డను తీసివేయుట. గడ్డ చుట్టుప్రక్కల అవయవములకు ప్రాకకమునుపే శస్త్రచికిత్స జరిగినచో ఫలితము మిక్కిలి బాగుండును; పూర్వము రొమ్ముటెముకను నిలువునను కోయుచుండిరి, ఇప్పుడు తగిన రోగులకు ప్రక్కటెముకల సందున చిన్న రంధ్రములనుండియే తీయుచున్నారు. గడ్డ పోయిన పిదప మయస్థీనియా కొందరికి నెమ్మదించును; రక్తహీనతయు కొందరికి తగ్గును. కాని ప్రతిరక్షకములు మాత్రము, దాదాపు అందరి విషయమునను, తిరిగి రావు. రోగికిని, బంధువులకును దీనిని నమ్మించుట వైద్యునికి కష్టమైన పని. కారణము తొలగినను కార్యము నిలిచియే యుండుట తర్కమునకు విరుద్ధముగా తోచును గదా! ఆపరేషను బాగుగా జరిగినదని ఇంటికి పోయి, నెలతిరుగకమునుపే న్యుమోనియాతో తిరిగివచ్చిన రోగి, ఆపరేషను చెడినదని తలచుటలో ఆశ్చర్యము లేదు.

పోయిన ప్రతిరక్షకములకు బదులు పరుల ప్రతిరక్షకములను ఎక్కించుటయే నేటికిని గతి. బ్రూటన్ బాలునికిచ్చినదానికిని దీనికిని సూత్రమొక్కటే. వేలకొలది దాతల రక్తరసమును కలిపి, శుద్ధిచేసి, వైరసులను నశింపజేసి, ఐజీజీని వేరుపరచి సీసాలకెత్తుదురు. మోతాదు కిలో బరువునకు 400 నుండి 600 మిల్లీగ్రాములు. అనగా 60 కిలోల మనిషికి కనీసము 24 గ్రాములు, 5 గ్రాముల సీసాలు అయిదు. ఎక్కించిన ఐజీజీలో సగము సుమారు మూడువారములలో హరించును గనుక, మూడు నాలుగు వారములకొకసారి, జీవితాంతము ఈ ప్రకారము జరుగవలెను. సీసాను కుదుపరాదు, నురుగువచ్చి మందు చెడును. ఫ్రిజ్జునుండి తీసి గది వెచ్చదనమునకు రానీయవలెను. మొదటి అరగంట బొట్టుబొట్టుగా వదలి, నర్సు పలుమారు జ్వరమును రక్తపోటును చూచుచుండును. చలి, తలనొప్పి, నడుమునొప్పి వచ్చినచో వేగము తగ్గించును. సరిపడినదని తేలిన పిమ్మట వేగము పెంచును. పూట యంతయు ఆసుపత్రి మంచముమీద గడచును. కొందరు చర్మము క్రింద వారమువారము ఇంటివద్దనే ఎక్కించుకొనుటయు కలదు. ఖర్చు సామాన్యకుటుంబమునకు మోయరానిది. గడ్డ కోయుటకు ఏదో విధముగ సొమ్ము కూర్చుకొన్నవారు, ప్రతి నెలయు కొనవలసిన ఈ సీసాల దగ్గర ఓడిపోవుదురు. తగ్గినట్లున్నప్పుడు ఒక నెల మానుటయు, ఆ నెలలోనే ఊపిరితిత్తులు మరికొంత చెడుటయు జరుగును. ఒకసారి వెడల్పైన గాలిగొట్టము మరల సన్నబడదు గనుక, మానిన నెల నష్టము తిరిగి పూడదు.

ఇదియు బి కణముల లోపమునకు మాత్రమే సరిపోవు పరిహారము. టి కణముల లోపమునకు ఎక్కించదగిన వస్తువు లేదు. బూజునకు బూజుమందులు, వైరసులకు వైరసుమందులు, కొందరికి ముందుజాగ్రత్తగా నిత్యము పుచ్చుకొను యాంటిబయాటిక్‌లు, ఇంతే. 1993లో ఇంగ్లండునందు వెలువడిన యొక పరిశీలనలో, వ్యాధి నిర్ణయించిన అయిదేండ్లకు నూటికి 70 మందియు, పదియేండ్లకు 33 మందియు మాత్రమే జీవించియుండిరి. పుట్టుకతో ప్రతిరక్షకలోపము గలవారికంటె ఇది ఎంతయో తక్కువ. మరణములకు కారణము చాలవరకు అంటుజబ్బులే, గడ్డ కాదు. ఆ పరిశీలన పాతది, రోగుల సంఖ్య చిన్నది; నేటి మందులతో స్థితి మెరుగుపడినదని నమ్ముటకు కారణము కలదు. అయినను త్వరగా గుర్తించినవారికిని, ఆలస్యముగా గుర్తించినవారికిని నడుమ గల తారతమ్యము మాత్రము మారలేదు.

ఇంటిలో పాటింపవలసినవి కొన్ని కలవు. బ్రదికియున్న క్రిములతో చేసిన టీకాలు, బీసీజీ, తట్టు టీకా, పోలియో చుక్కలవంటివి, ఈ రోగులకు వేయరాదు. పోలియో చుక్కలు వేసికొన్న మనుమని మలములో టీకావైరసు కొన్ని వారములు వెలువడుచుండును గనుక, అట్టి రోజులలో పిల్లవాని గుడ్డలు రోగి తాకకుండుటయు, చేతులు సబ్బుతో కడుగుకొనుటయు అవసరము. అంతమాత్రమున పిల్లలకు చుక్కలు మానిపింపరాదు, వైద్యునితో ఆలోచింపవలెను. కాచి చల్లార్చిన నీరు త్రాగుట, దగ్గు జలుబు గలవారికి దూరముగా నుండుట, జ్వరము తగిలిన నాడే వైద్యుని చూచుట, ఇవి చెప్పవలసినంత క్రొత్తవి కావు.

గడ్డను తీయించుకొని, అప్పటికి ప్రతిరక్షకములు సరిగానే యున్నవని తేలినవారి విషయము ఒకటి మిగిలియున్నది. 2010లో వెలువడిన సమీక్షలో 152 మంది రోగుల వృత్తాంతములను కూర్చి చూడగా, నూటికి 42 మందిలో గడ్డ మొదట బయటపడి, నిరోధకశక్తిలోపము పిమ్మట వచ్చెను. నడిమి కాలము కొందరికి మూడు నెలలైతే, కొందరికి 18 ఏండ్లు. ఎన్నడో జరిగిన ఆపరేషనును రోగియే మరచియుండవచ్చును, చూచు వైద్యుడు మారియుండవచ్చును; కావున థైమస్ గడ్డ తీయించుకొన్నవారు ఏటికొకసారి ఐజీజీని కొలిపించుకొనుటయు, న్యుమోనియా రెండవసారి వచ్చిననాడు ఆ పాత ఆపరేషను సంగతిని వైద్యునితో తామై చెప్పుటయు అవసరము.